స్థానబలిమి

బేస్‌బాల్ వీడియో గేమ్‌లో ఆటగాణ్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చాలంటే ఒక్క బటన్ చాలు. నిజం మైదానంలో అదే పనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మనసులూ విరుగుతాయి. ఆ తేడాకి ఏ గేమ్ ఎంత ఖరీదు కడుతోంది?

2024 మార్చి 20. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ తొలి మ్యాచ్. శాన్ డియెగో పాడ్రెస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తలపడుతున్నాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 2-2. డాడ్జర్స్ బ్యాటర్ గావిన్ లక్స్ కొట్టిన బంతి నేలబారుగా ఫస్ట్ బేస్ వైపు వచ్చింది. అక్కడున్న జేక్ క్రోనెన్‌వర్త్ ఒంగి గ్లోవ్ అడ్డం పెట్టాడు. బంతి గ్లోవ్‌లో పడ్డట్టే పడి, వేళ్ల పక్కనున్న తోలు అల్లికను తెంపుకుని అవతలికి దూసుకుపోయింది. డాడ్జర్స్ రన్నర్ హోమ్‌కి చేరాడు. చివరికి 5-2తో మ్యాచ్ కూడా వాళ్లదే అయింది.

గ్లోవ్ చిరిగే ముచ్చట నేనాడిన ఏ బేస్‌బాల్ గేమ్‌లోనూ లేదు. అయితే ఆ రోజు నా కళ్లు అతుక్కుపోయింది గ్లోవ్ మీద కాదు, పాడ్రెస్ ఎవరిని ఎక్కడ నిలబెట్టారన్న దాని మీద. క్రోనెన్‌వర్త్ 2022 దాకా సెకండ్ బేస్ ఆడినవాడు. ఇప్పుడు సెకండ్ బేస్‌లో ఉన్న జాండర్ బోగార్ట్స్ బోస్టన్‌లో ఏళ్ల తరబడి షార్ట్‌స్టాప్. ఆ ఆట చూసే పాడ్రెస్ అతనితో పదకొండేళ్లకు 28 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు. రైట్ ఫీల్డ్‌లో ఫెర్నాండో టాటిస్ జూనియర్, ఒకప్పుడు ఇదే జట్టు షార్ట్‌స్టాప్. లెఫ్ట్ ఫీల్డ్‌లో జురిక్సన్ ప్రొఫార్, టెక్సస్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు రేపటి షార్ట్‌స్టాప్ ఇతనే అనిపించుకున్నవాడు. సెంటర్ ఫీల్డ్‌లో ఇరవై ఏళ్లు నిండిన జాక్సన్ మెరిల్. చిన్న లీగుల్లో అతనూ షార్ట్‌స్టాపే. లెక్కలోకి వచ్చే ప్రొఫెషనల్ మ్యాచ్‌లో సెంటర్ ఫీల్డ్‌లో నిలబడటం అదే మొదలు. మరి అసలు షార్ట్‌స్టాప్ ఎవరయ్యా అంటే, సొంతగడ్డ మీద ఆడుతున్న కిమ్ హా-సాంగ్. ఆయన ముందటేడు ఎక్కువగా సెకండ్ బేస్‌లో ఉన్నాడు.

ఒక ఊళ్లో ఐదుగురు కరణాలుంటే లెక్కలు రాసేది ఒకడే, మిగతా నలుగురూ వేరే పని వెతుక్కోవాల్సిందే. పాడ్రెస్ పరిస్థితి అదీ.

చిత్రమేమిటంటే, ప్రపంచంలో ఎక్కువమంది ఆడే బేస్‌బాల్ వీడియో గేముల్లో ఒకటైన ‘ఎంఎల్‌బీ ది షో’ను తయారుచేసే సోనీ స్టూడియో కూడా శాన్ డియెగోలోనే ఉంది. సియోల్ మ్యాచ్ జరిగిన వారంలోనే ఆ గేమ్ 2024 సంచిక బజారులోకి వచ్చింది. ఆటగాడికి ఒక స్థానం ఉంటుంది, దాన్ని కార్డు మీద అచ్చేస్తే చాలు అనుకునే రోజులు పోయాయని ఆ స్టూడియో వాళ్లకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల ఊరి జట్టే చెబుతోంది.

తొమ్మిది చోట్లు, తొమ్మిది కొలువులు

క్రికెట్‌తో పెరిగిన మనకి ఫీల్డింగ్ స్థానమంటే ఓవర్ ఓవర్‌కీ మారేది. కెప్టెన్ చెయ్యి ఊపితే పాయింట్‌లో ఉన్నవాడు మిడ్ వికెట్‌కి నడుచుకుంటూ పోతాడు. వికెట్ కీపర్ ఒక్కడే దీనికి మినహాయింపు. బేస్‌బాల్‌లో తొమ్మిదిమందీ దాదాపు కీపర్లే అనుకోండి. ఎవరి చోటు వారిది, కొందరి గ్లోవ్ కూడా వేరే. స్కోరు పుస్తకంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె. పిచ్చర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6, రైట్ ఫీల్డర్ 9.

వీటిలో షార్ట్‌స్టాప్ కొలువు మహా కఠినం. సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడతాడు. కుడిచేతి బ్యాటర్లు బలంగా కొట్టిన నేలబంతులు ఎక్కువగా అతని వైపే వస్తాయి. బ్యాటర్ హోమ్ నుంచి 90 అడుగులు పరిగెత్తి ఫస్ట్ బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆ లోపల ఇతను పక్కకి పరిగెత్తాలి, బంతిని గ్లోవ్‌తో ఆపాలి, కుడిచేతిలోకి తీసుకోవాలి, వంద అడుగులకు మించిన దూరం విసరాలి. ఎడమచేతి వాటం వాళ్లకి ఈ కొలువు దాదాపు మూసేసిన తలుపే. బంతి అందుకున్నాక ఫస్ట్ బేస్‌కి విసరాలంటే వాళ్లు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఆ తిప్పుడులోనే రన్నర్ దాటిపోతాడు.

గణాంకాల రచయిత బిల్ జేమ్స్ 1980ల్లో ఈ స్థానాలను ఒక వరసలో పేర్చి చూపించాడు. తేలికైన కొసన ఫస్ట్ బేస్. తర్వాత లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్, థర్డ్ బేస్, సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్. కష్టమైన కొసన షార్ట్‌స్టాప్. క్యాచర్‌ది వేరే లోకం. కష్టం నుంచి తేలికకి దిగడం తరచూ జరిగేదే, తేలిక నుంచి కష్టానికి ఎక్కడం బహు అరుదు అన్నది ఆయన మాట. ఇవాళ్టి గణాంక సైట్లు దీనికి అంకెలు కూడా కట్టాయి. ఫాన్‌గ్రాఫ్స్ లెక్కలో 162 మ్యాచ్‌ల సీజన్‌కి షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డందుకే 7.5 పరుగులు కలుపుతారు, ఫస్ట్ బేస్‌లో నిలబడితే 12.5 తీసేస్తారు. ఇద్దరి మధ్యా 20 పరుగుల తేడా. పది పరుగులు సుమారు ఒక గెలుపుతో సమానమని ఆ లోకంలో వాడుక. అంటే ఒకేలా బ్యాటింగ్ చేసే ఇద్దరిలో ఒకడు షార్ట్‌స్టాప్, ఇంకొకడు ఫస్ట్ బేస్ అయితే ఏడాదికి రెండు గెలుపుల తేడా.

గేమ్ ఆడే కుర్రాడికి ఈ రెండు గెలుపులే ఆశ పెడతాయి. బాగా బాదే ఫస్ట్ బేస్‌వాణ్ని షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టేస్తే ఇంకో బాదుడుగాడికి ఫస్ట్ బేస్ ఖాళీ అవుతుంది కదా!

ఆశకి ఎంత జరిమానా?

‘ది షో’లో కార్డులు పోగుచేసి జట్టు కట్టే డైమండ్ డైనాస్టీ అనే విభాగం ఉంది. ప్రతి కార్డు మీదా ఒక ముఖ్య స్థానం, కొందరికి ఒకటో రెండో అదనపు స్థానాలు ఉంటాయి. వాటిని దాటి పరాయి చోట నిలబెడితే ఆటగాడి ఫీల్డింగ్ అంకెలు పడిపోతాయి. ఆ పడిపోవడం కాగితం మీద చిన్నగానే కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఎదుటివాడు మూడో ఇన్నింగ్స్‌లో ఒక నేలబంతి కొట్టినప్పుడు తెలుస్తుంది సంగతి. మీ బొమ్మ తొలి అడుగు ఆలస్యంగా వేస్తుంది. మంచి ఫీల్డర్ అయితే ఒక పక్కకి దూకి అందుకునే బంతి, వీడి గ్లోవ్ కొసని రాసుకుంటూ అవుట్‌ఫీల్డ్‌కి పోతుంది. ఒకవేళ అందినా, విసరడానికి బటన్ నొక్కిపట్టగానే ఒక పట్టీ వస్తుంది, అందులో పచ్చ భాగం మీద ఆగితేనే విసురు సూటిగా పోతుంది. చేతి గురి తక్కువున్నవాడికి ఆ పచ్చ భాగం సన్నగా ఉంటుంది. మన వేలు కొద్దిగా తడబడితే బంతి ఫస్ట్ బేస్ పక్కనుంచి ప్రేక్షకుల వైపు.

ఈ ఏర్పాటు నాకు సగమే నచ్చుతుంది. జరిమానా కంటికి కనబడేలా పెట్టడం బాగుంది. కానీ అది ఎప్పటికీ అదే జరిమానా. పరాయి చోట నూరు మ్యాచ్‌లు ఆడించినా కార్డు ఏమీ నేర్చుకోదు. కార్డంటే అచ్చులో పోసిన బొమ్మే కదా. పైగా ఆన్‌లైన్‌లో బ్యాట్‌దే రాజ్యం కాబట్టి చాలామంది ఆ జరిమానా కట్టేసి చేతులు దులుపుకుంటారు. రెండు తప్పులకి మూడు హోమ్ రన్లు వస్తే ఎవరు కాదంటారు?

దీని తాతగారు కంప్యూటర్లు ఇళ్లలోకి రాకముందే పుట్టాడు. హాల్ రిచ్‌మన్ అనే అమెరికన్ 1961లో అమ్మకానికి పెట్టిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్, పాచికలూ కార్డులతో ఆడే బేస్‌బాల్. అందులోనే ప్రతి ఆటగాడికీ ఏ స్థానంలో ఎంత ఫీల్డింగ్ అన్నది 1 నుంచి 5 దాకా అంకె వేశారు, 1 అంటే దిట్ట, 5 అంటే దండగ. ఒకే మనిషికి థర్డ్ బేస్‌లో 2, షార్ట్‌స్టాప్‌లో 4 ఉండొచ్చు. స్థానం మారితే మనిషి విలువ మారుతుందన్న సంగతిని బొమ్మల తళుకుల్లేని ఆ అట్టముక్కలే చాలా ముందుగా పట్టుకున్నాయి.

నా ఓటు మాత్రం ‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’కి. జర్మనీలో మార్కస్ హైన్‌సోన్ 1990ల చివర్లో మొదలెట్టిన గేమ్ ఇది. బ్యాట్ ఊపేది ఉండదు, అంతా పట్టికలూ అంకెలే. చూసినవాళ్లు బ్యాంకు లెడ్జరు అనుకుంటారు. మన దగ్గర పీసీ మీద ఆడుకునేవాళ్లకి దిక్కు కూడా ఇదే, ఎందుకంటే ‘ది షో’ ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ లాంటి కన్సోల్స్ కోసం చేసిన గేమ్. ఈ లెడ్జరులో ఆటగాడి ఫీల్డింగ్‌ని విడి భాగాలుగా కోసి పెట్టారు: ఇన్‌ఫీల్డ్‌లో ఎంత దూరం కదులుతాడు, తప్పులెన్ని చేస్తాడు, చేతి బలమెంత, ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసే డబుల్ ప్లే తిప్పడం వచ్చా. అవుట్‌ఫీల్డ్‌కి వేరే అంకెలు, క్యాచర్‌కి ఇంకా వేరే. ఇవి పునాది. వీటి పైన, ఒక్కో స్థానంలో అతనికున్న అనుభవం ఇంకో లెక్క. చురుకైన షార్ట్‌స్టాప్‌ని సెంటర్ ఫీల్డ్‌లో పెడితే మొదట్లో అంకె దీనంగా ఉంటుంది. ఆడించిన కొద్దీ, మ్యాచ్ మీద మ్యాచ్ పడ్డ కొద్దీ, మెల్లగా పైకి జరుగుతుంది. కాళ్లలో సత్తా లేనివాణ్ని పెడితే ఎన్ని నెలలు ఆడించినా ఒకచోట ఆగిపోతుంది.

అక్కడే ఆ గేమ్ నన్ను కట్టిపడేసింది. మార్పుకి అది జరిమానా వెయ్యదు, కాలాన్ని అడుగుతుంది. ఏప్రిల్‌లో మొదలెట్టిన ప్రయోగం వల్ల మే నెలలో మూడు మ్యాచ్‌లు పోతాయి. వెనక్కి తీసుకుందామా అని చెయ్యి పీకుతుంది. జూలైకి అంకె పర్వాలేదనిపిస్తుంది. ఆ మూడు నెలల గుంజాటనే అసలు మేనేజర్ ఉద్యోగం.

అట్ట మీది వాళ్లంతా జాగా మారినవాళ్లే

‘ది షో’ అట్టల మీద ఎవరెవరి బొమ్మలు వేశారో వరసగా చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 2021లో టాటిస్ జూనియర్, అప్పటికి షార్ట్‌స్టాప్. 2022లో షోహెయ్ ఒటాని, పిచ్చరూ బ్యాటరూ ఒకే మనిషి. 2023లో జాజ్ చిజమ్ జూనియర్. గేమ్ అమ్మకానికి వచ్చిన ఆ వసంతంలోనే మయామీ వాళ్లు అతణ్ని సెకండ్ బేస్ నుంచి సెంటర్ ఫీల్డ్‌కి పంపారు. మరుసటేడు జూలైలో న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లి, మునుపెన్నడూ ఆడని థర్డ్ బేస్‌లో నిలబడి, అదే స్థానంలో వరల్డ్ సిరీస్ దాకా ఆడాడు. 2024లో వ్లదిమీర్ గెరెరో జూనియర్. థర్డ్ బేస్‌వాడిగా పేరు తెచ్చుకుని వచ్చి, 2020 నుంచి ఫస్ట్ బేస్‌కి జరిగాడు. 2025లో ముగ్గురు. వాళ్లలో పిచ్చర్ పాల్ స్కీన్స్, వైమానిక దళ అకాడమీలో చదివినప్పుడు క్యాచర్ కూడా. మిగతా ఇద్దరూ, ఎలీ డి లా క్రూజ్, గన్నర్ హెండర్సన్, వచ్చిన కొత్తలో షార్ట్‌స్టాప్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య తిరిగినవాళ్లు.

దీన్ని ఎవరూ పథకం ప్రకారం చేసి ఉండరు. ఒంట్లో అంత సత్తా ఉన్నవాణ్ని ఒకేచోట కట్టేసి ఉంచడం జట్లకి గిట్టుబాటు కావట్లేదు, అంతే.

టాటిస్ కథ వీటిలో గొప్పది. గాయం, నిషేధం కలిసి 2022 మొత్తం ఊడ్చుకుపోయాయి. తిరిగొచ్చేసరికి అతని కుర్చీలోకి బోగార్ట్స్ వచ్చి ఉన్నాడు. రైట్ ఫీల్డ్‌కి పంపారు. అలిగి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అతను ఆ ఏడాదే రైట్ ఫీల్డ్‌లో మేటి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లోవ్ గెలిచాడు, దాని మీద నేషనల్ లీగ్ మొత్తంలో మేటి ఫీల్డర్‌కిచ్చే ప్లాటినం గ్లోవ్ కూడా. ఏ గేమ్‌లోనైనా సీజన్ మొదట్లో అతణ్ని అక్కడ పెట్టి ఈ ఫలితం వచ్చి ఉంటే, గేమ్‌లో లోపముంది, సరిచేయండి అనేవాళ్లం. మెరిల్ సంగతీ అంతే. సియోల్‌లో కొత్తగా సెంటర్ ఫీల్డ్‌లో నిలబడిన ఆ కుర్రాడు ఏడాది చివరికి 24 హోమ్ రన్లు కొట్టి, ఆల్‌స్టార్ అయి, ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో స్కీన్స్ తర్వాతి స్థానంలో నిలిచాడు.

అందరి కథా ఇలా ముగియదు. 2002లో ఓక్లండ్ వాళ్లు మోచేయి పాడైన క్యాచర్ స్కాట్ హాటెబర్గ్‌ని తీసుకుని ఫస్ట్ బేస్ నేర్పించారు. ‘మనీబాల్’ పుస్తకం చదివినవాళ్లకి, సినిమా చూసినవాళ్లకి తెలుసు. నేర్పినాయన రాన్ వాషింగ్టన్. తేలికైన కొస అని వరసలో రాసి ఉన్న ఆ చోటు కూడా, జీవితమంతా గొంతుక్కూర్చుని బంతులు పట్టినవాడికి తొలిరోజుల్లో చెమటలు పట్టించింది. అతను గోల్డ్ గ్లోవ్‌లేమీ గెలవలేదు, నిలదొక్కుకున్నాడు. గేములు ఈ నడిమి రకం మార్పుల్ని బాగానే చూపిస్తాయి. రెండు కొసల్లోనే, అంటే అద్భుతంలోనూ, మనసు ఒప్పకపోవడంలోనూ, తడబడతాయి.

మనసు ఒప్పకపోవడమంటే ఏమిటో హైదరాబాద్‌వాళ్లకి వీవీఎస్ లక్ష్మణ్ చూపించాడు. మధ్యలో ఆడే బ్యాటర్‌ని జట్టులో చోటు దొరకాలంటే ఓపెనర్‌గా దిగాలన్నారు. దిగాడు. 2000 జనవరిలో సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ఓపెనర్‌గా 167 కొట్టాక కూడా, ఇక నేను ఓపెనింగ్ చెయ్యనని తేల్చిచెప్పి జట్టు బయట ఉండటానికే సిద్ధపడ్డాడు. 2001 మార్చిలో కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతున్నప్పుడు ఆరో స్థానం నుంచి మూడో స్థానానికి జరిపారు, ద్రవిడ్‌ని కిందికి దింపారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, ఇద్దరి మధ్య 376 పరుగులు. ఒకే మనిషి, ఒక మార్పుని కాలదన్ని ఇంకో మార్పులో చరిత్ర రాశాడు. సిడ్నీ తర్వాత ఏ గేమ్‌లోనైనా లక్ష్మణ్ బొమ్మని చూస్తే ఓపెనర్ అనే చోట మంచి అంకే కనిపిస్తుంది. ఇష్టమా కాదా అన్న గడి అందులో ఉండదు.

‘ది షో’లో ఒకే ఆటగాణ్ని పుట్టించి చిన్న లీగుల నుంచి పెంచుకుంటూ వెళ్లే రోడ్ టు ద షో విభాగం ఈ గడికి కాస్త దగ్గరగా వెళుతుంది. అక్కడ మనం మేనేజర్ కాదు, మార్చబడే మనిషి. ఏళ్లుగా సాకిన షార్ట్‌స్టాప్‌ని వేరే చోటికి జరిపితే ఒళ్లు మండుతుంది. పది జట్ల కార్డుల్ని చెస్ పావుల్లా జరిపిన చేతికే ఆ మంట అంటుకుంటుంది. నాకైతే ఈ ఒక్క విషయంలో అదే ఆ గేమ్ మొత్తంలో నిజాయితీ గల భాగం.

చిన్న లిటిగేషన్లు

మ్యాచ్ మధ్యలో చోట్లు మార్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్‌ని ఫీల్డింగ్‌కి దింపితే ఆ సదుపాయం ఆ మ్యాచ్‌కి పోతుంది, పిచ్చర్‌కి కూడా బ్యాటింగ్ వంతు వస్తుంది. బయటికి పంపినవాడు తిరిగి రాడు. కానీ పిచ్చర్‌ని బయటికి పంపకుండా లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టి, మళ్లీ పిచింగ్‌కి పిలవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. 2016 జూన్ 28న సిన్సినాటిలో చికాగో కబ్స్ మేనేజర్ జో మాడన్ పదిహేను ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో ముగ్గురు పిచ్చర్లని ఇలా లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపి గెలిచాడు. మనం గేమ్‌లో చేస్తే చిలిపి పని అంటారు, ఆయన చేస్తే వ్యూహం.

ఇంకోటి: చోటు మార్చడం వేరు, చోటులోనే జరగడం వేరు. బ్యాటర్‌ని బట్టి ఇన్‌ఫీల్డర్లందరినీ ఒక పక్కకి మోహరించే పద్ధతిని మేజర్ లీగ్ 2023లో ఆపేసింది. సెకండ్ బేస్‌కి అటిద్దరు, ఇటిద్దరు, నలుగురి కాళ్లూ ఇన్‌ఫీల్డ్ వెలుపలి అంచుకి లోపలే ఉండాలి. ఆ ఏటి గేమ్ కూడా ఈ నిబంధన తెచ్చుకుంది. దాంతో సెకండ్ బేస్‌లో నెమ్మదిగాణ్ని దాచుకునే వీలు తగ్గింది.

ఎదురెక్కినవాడు

బిల్ జేమ్స్ వరసకి ఎదురెక్కిన మనిషి గురించి చెప్పకపోతే ఈ కథనం అబద్ధమవుతుంది. మూకీ బెట్స్ రైట్ ఫీల్డ్‌లో ఆరు గోల్డ్ గ్లోవ్‌లు గెలిచాక, 2024 మార్చిలో సీజన్ ముంగిట డాడ్జర్స్ అతణ్ని షార్ట్‌స్టాప్‌లో పెట్టారు. తేలిక నుంచి కష్టానికి, అదీ ముప్పై దాటాక. జూన్‌లో చెయ్యి విరిగింది, తిరిగొచ్చాక మళ్లీ రైట్ ఫీల్డ్. మామూలుగా అక్కడితో ప్రయోగం అయిపోవాలి. అతను 2025లో మళ్లీ షార్ట్‌స్టాప్‌కే వచ్చి సీజనంతా అక్కడే ఆడాడు. ఆ నవంబరు 1న టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, డాడ్జర్స్ 5-4 ఆధిక్యంలో ఉన్నారు. థర్డ్ బేస్ మీద రన్నర్ గెరెరో జూనియర్. బ్యాట్ విరిగి వచ్చిన నేలబంతిని బెట్స్ అందుకున్నాడు, తనే సెకండ్ బేస్ తొక్కాడు, ఫస్ట్ బేస్‌కి విసిరాడు. స్కోరు పుస్తకంలో 6-3, డబుల్ ప్లే. సిరీస్ అయిపోయింది.

ఇది చదివి ఉత్సాహం వచ్చి, మీ గేమ్‌లోని రైట్ ఫీల్డర్‌ని షార్ట్‌స్టాప్ చేయాలనుకుంటే ముందు ఇన్‌ఫీల్డ్ అంకెలు చూడండి. బోస్టన్ వాళ్లు బెట్స్‌ని 2011లో తీసుకున్నదే ఇన్‌ఫీల్డర్‌గా. సెకండ్ బేస్‌లో డస్టిన్ పెడ్రోయా పాతుకుపోయి ఉండటం వల్ల అవుట్‌ఫీల్డ్‌కి వెళ్లాడు. పునాది ఉన్నవాడికే ఎదురెక్కడం. మార్పు మొదలెట్టడానికి వసంత శిక్షణ మ్యాచ్‌లు మేలు, ఆ ఓటములు లెక్కలోకి రావు. ఎడమచేతి వాటం వాణ్ని షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టి చూడాలని మరీ సరదా పుడితే, అంతకుముందే ఆటని ఇంకో పేరుతో సేవ్ చేసిపెట్టుకోండి.